బాల్యానికి వాయిదా లేదు

(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతిలో రాజమహేంద్రవరంలో చేసిన ఉపన్యాసం)



దుర్గాబాయి గారి పేరు మీద, ఆవిడ పుట్టిన ఊళ్లోనే మాట్లాడమనడం నా వృత్తి జీవితంలో నాకు దక్కిన పెద్ద గౌరవం. 1909 జూలై 15న ఆవిడ ఈ రాజమహేంద్రవరంలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లిలో ఉండనని తేల్చి చెప్పారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్లినప్పుడు తమ తరఫున నోరు విప్పే దిక్కు లేని ఆడవాళ్లను అక్కడ చూశారు. లా చదవాలన్న పట్టుదల ఆ గోడల మధ్యే పుట్టింది. 1942లో పట్టా చేతికొచ్చింది. రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం, ఆంధ్ర మహిళా సభ, ఇవన్నీ ఈ సభకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

తక్కువగా తలుచుకునే సంగతి ఒకటుంది. 1953లో ఆవిడ చైనా వెళ్లారు. అక్కడ కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులు ఉండటం చూశారు. తిరిగొచ్చాక జస్టిస్ ఎం.సి. చాగ్లాతో, జస్టిస్ పి.బి. గజేంద్రగడ్కర్‌తో, ప్రధాని నెహ్రూతో ఆ సంగతి మాట్లాడారు. భూమి తగాదానీ భార్యాభర్తల తగాదానీ ఒకే బల్ల మీద పెట్టి ఒకే తీరున తేల్చకూడదన్నది ఆవిడ వాదన. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆవిడ కన్నుమూసి మూడేళ్లు.

ఆవిడ కోరుకున్న ఆ కోర్టుల్లోనే నేను చాలా ఏళ్లుగా నల్లకోటు వేసుకుని తిరుగుతున్నాను. అక్కడ నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టే కాగితం ఒకటుంది, దాని గురించే ఈవేళ మాట్లాడతాను. తల్లికో తండ్రికో బిడ్డను చూసుకునే వీలు కల్పిస్తూ కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. బిడ్డను దగ్గర పెట్టుకున్నవాళ్లు ఆ ఉత్తర్వును ఖాతరు చేయరు. అప్పుడు ఏం చేయాలి? చట్టం ఏ దారులు చూపిస్తోంది? ఏ దారి ఎంతదూరం తీసుకెళుతుంది?

పట్టీల కొలత

ఒక తండ్రి సంగతి చెబుతాను. ఊరూ పేరూ అడగవద్దు. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా కూతుర్ని తనతో ఉంచుకోవచ్చని ఆయనకు ఉత్తర్వు వచ్చింది. శనివారం రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి ఆ ఊళ్లో దిగేవాడు. గుమ్మం దగ్గర ఒకసారి "పాప నిద్రపోతోంది" అన్నారు. ఇంకోసారి జ్వరమన్నారు. మరోసారి ట్యూషనన్నారు. తర్వాత తర్వాత ఇంటికి తాళమే కనిపించేది. పద్నాలుగు ఆదివారాలు అలా గడిచాక నా దగ్గరికి వచ్చాడు.

"ఏ ఆదివారం ఏం జరిగిందో ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా?" అని అడిగాను.

"లేదు మేడమ్ గారూ. రాసుకుంటే మనసు ఇంకా విరిగిపోతుందని రాయలేదు."

బస్సు టికెట్లు పారేశాడు. మెసేజులు చెరిపేశాడు. మేము పిటిషన్ వేశాం. అవతలి వాళ్లు కౌంటర్లో "ఆయన అసలు రానే లేదు" అని రాశారు. జడ్జిగారి ముందు మా మాటకు తోడు ఒక్క కాగితం లేదు. వాయిదా మీద వాయిదా పడింది. చివరికి కోర్టు హాలు పక్కగదిలో ఆ తండ్రి కూతుర్ని చూసేసరికి ఏడాదిన్నర దాటింది. జేబులోంచి వెండి పట్టీలు తీశాడు. ఉత్తర్వు వచ్చిన నెలలోనే, తనకు గుర్తున్న కాలి కొలతతో చేయించినవి. అవి పాప మడమ దాటి పైకి ఎక్కలేదు.

పొలం కేసులో వాయిదా పడితే పొలం అక్కడే ఉంటుంది. పిల్ల అలా ఉండదు. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఈ హక్కు ఎవరిది?

కోర్టు ఆవరణలో అందరూ "నా విజిటింగ్" అంటారు, ఆ మాట నోటికి అలవాటైపోయింది. చట్టం మాత్రం బిడ్డ వైపు నుంచి ఆలోచిస్తుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్, 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్ రెండూ బిడ్డ సంక్షేమాన్నే కొలబద్దగా పెట్టాయి. మొదటి చట్టం అన్ని మతాలవాళ్లకూ వర్తిస్తుంది. తల్లిదండ్రులకు పిల్లలు ఆటబొమ్మలూ కారు, ఆస్తులూ కారని సుప్రీంకోర్టు 1973లోనే స్పష్టం చేసింది. 2020లో జస్టిస్ దీపక్ గుప్తా రాసిన తీర్పు ఇంకో అడుగు ముందుకు వేసింది. బిడ్డకు ఇద్దరి ప్రేమా అందాలి. కస్టడీ ఒకరికి ఇచ్చినా రెండోవాళ్లు బిడ్డను చూడటానికి తగినంత వీలు ఉండాలి. ప్రత్యేక కారణం లేకపోతే రోజూ ఐదు పది నిమిషాలైనా ఫోన్లో మాట్లాడే వీలు ఉండాలని ఆ తీర్పు చెప్పింది.

కనుక ఉత్తర్వును తుంగలో తొక్కినవాళ్లు మాజీ భర్తనో మాజీ భార్యనో ఓడించామనుకుంటే పొరపాటు. దోచుకున్నది బిడ్డ సొమ్ము. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఏ దారి ఎంచుకోవాలో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

రాసే రోజే సగం గెలుపు

సగం గొడవలు ఉత్తర్వు రాసిన తీరులోనే పుడతాయి. "వీలునుబట్టి తండ్రి బిడ్డను చూడవచ్చును" అని ఉంటే ఎవరి వీలు? రాజీ కుదిరిన సంతోషంలో తొందరపడి సంతకాలు పెట్టేస్తారు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు తీసుకొచ్చి అప్పగిస్తారు, ఎవరు తిరిగి దిగబెడతారు, దసరా సెలవులు ఎవరికి, సంక్రాంతి ఎవరికి, వేసవిలో ఎన్ని రోజులు, పుట్టినరోజు ఎలా, ఒంట్లో బాగోలేకపోతే ఏం చేయాలి, తప్పిపోయిన రోజుకు బదులు రోజు ఎప్పుడు, ఫోన్ ఏ వేళకు, బడిలో మార్కుల కాగితం ఇద్దరికీ అందుతుందా, ఇవన్నీ రాయించుకోవాలి. ఇంత వివరంగా రాసిన ఉత్తర్వును అమలు చేయించడం తేలిక. ఉల్లంఘన ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించవచ్చు.

రాజీ లోక్ అదాలత్‌లో కుదిరితే, 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానినీ అలాగే అమలు చేయించుకోవచ్చు.

మొదటి ఆదివారం

మొదటిసారి గుమ్మం దగ్గర వెనక్కి పంపిస్తే గొంతు పెంచకండి. తలుపు బాదకండి. లోపల బిడ్డ వింటోంది. చెప్పిన వేళకు వెళ్లి, వచ్చానని మెసేజ్ పెట్టండి. జవాబు వస్తే దాచండి, రాకపోతే రాలేదన్న సంగతి రాసుకోండి. ఒక నోటుపుస్తకంలో తేదీ, వేళ, ఎవరు ఏమన్నారో రెండు వాక్యాలు చాలు. టికెట్టు దాని మధ్యన పెట్టండి. వీలైతే ఇద్దరికీ పరిచయమున్న పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. ఆ వారంలోనే వకీలు ద్వారా మర్యాదగా నోటీసు పంపండి: ఫలానా రోజు బిడ్డను చూపలేదు, బదులు రోజు ఇవ్వండి, మళ్లీ జరిగితే కోర్టుకు చెప్పుకుంటాం.

ఆ నోటీసుకే చాలా ఇళ్లల్లో తలుపులు తెరుచుకున్నాయి. తెరుచుకోనప్పుడు కోర్టులో అదే మొదటి సాక్ష్యం. ఎందుకో చెబుతాను.

ఈపీ, జప్తు, సివిల్ జైలు

కుటుంబ న్యాయస్థానాల చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఆ కోర్టు ఇచ్చిన డిక్రీనీ ఉత్తర్వునీ సివిల్ డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. హిందూ వివాహ చట్టం 28-ఎ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఇందుకు వేసేదే ఈపీ, అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 32వ రూలు దీనికి ఆధారం. ఉత్తర్వు పాటించే అవకాశం ఉండీ, కావాలని పాటించకపోతే ఆస్తి జప్తు చేయవచ్చు, సివిల్ జైల్లో పెట్టవచ్చు, రెండూ చేయవచ్చు.

అవకాశం ఉండటం, కావాలని చేయడం, ఈ రెండు మాటలే ఈపీకి ప్రాణం. నోటుపుస్తకమూ మెసేజులూ నోటీసూ ఆ రెండిటినీ రుజువు చేయడానికే.

ఉత్తర్వు తుది తీర్పు కాకుండా, కేసు నడుస్తుండగా ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వైతే 39వ ఆర్డరు 2-ఎ రూలు కింద పిటిషన్ వేయడం రివాజు. అందులో జప్తు ఉంది, మూడు నెలలు మించకుండా సివిల్ జైలూ ఉంది. గార్డియన్స్ చట్టం 43వ సెక్షన్ కింద సంరక్షకుడి నడవడి గురించి ఇచ్చిన ఉత్తర్వులను కూడా ఇంజంక్షన్లలాగే అమలు చేయించవచ్చు. స్త్రీలను అరెస్టు చేయకూడదన్న మినహాయింపు డబ్బు డిక్రీలకు మాత్రమేనని, పిల్లల ఉత్తర్వులకు అది అడ్డం కాదని కూడా గుర్తుంచుకోవాలి. డిక్రీ అమలులో అరెస్టు చేయించాలంటే ఆ మనిషి తిండి ఖర్చుకు బత్తా ముందుగా కోర్టులో కట్టాల్సింది అడిగినవాళ్లే.

ఇవన్నీ చెప్పాక ఒక సత్యం ఒప్పుకుని తీరాలి. అమ్మను జైలుకు పంపించిన నాన్నను గానీ, నాన్న జీతం జప్తు చేయించిన అమ్మను గానీ బిడ్డ ఏ ముఖంతో చూస్తుంది? అందుకే ఈపీలో మేం మొదట అడిగేది జైలు కాదు. పోయిన రోజులకు బదులు రోజులు ఇప్పించండి. అప్పగించే చోటు ఇల్లు కాకుండా కోర్టు ఆవరణో, న్యాయసేవాధికార సంస్థ ఆఫీసో అని మార్చండి. మొదటి నాలుగు సార్లు ఒక కౌన్సిలరునో, అడ్వొకేట్ కమిషనర్‌నో దగ్గరుండమనండి. రానుపోను ఖర్చులు ఇప్పించండి. మళ్లీ తప్పితే ఏం జరుగుతుందో ఇప్పుడే ఉత్తర్వులో రాయండి. జైలు అన్న మాట ఆ ఆఖరి వాక్యంలో ఉంటే చాలు. చాలాసార్లు అక్కడిదాకా పోవాల్సిన అవసరమే రాదు.

కోర్టు అమీనాను గానీ పోలీసును గానీ వెంటబెట్టుకుని వెళ్లి బిడ్డను తెచ్చుకోవడానికి కోర్టు అనుమతి ఇచ్చిన కేసులు లేకపోలేదు. నేను మాత్రం అది ఆఖరి మెట్టు అంటాను. ఖాకీ బట్టల మధ్య నాన్న చెయ్యి పట్టుకున్న బిడ్డ, ఆ తర్వాత ఆ చెయ్యి చూస్తే భయపడుతుంది.

కోర్టు ధిక్కారం

"కంటెంప్ట్ వేద్దాం మేడం" అని చాలామంది మొదటిరోజే అంటారు. 1971 చట్టం ప్రకారం కోర్టు ఉత్తర్వును కావాలని ఉల్లంఘించడం సివిల్ ధిక్కారమే. శిక్ష ఆరు నెలల దాకా సాధారణ జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కింది కోర్టుల ఉత్తర్వులను ధిక్కరించినవారిని శిక్షించే అధికారం ఆ చట్టం 10వ సెక్షన్ హైకోర్టుకు ఇచ్చింది. ధిక్కారం జరిగిన ఏడాది లోపల కదలాలి. అది దాటితే 20వ సెక్షన్ అడ్డం వస్తుంది.

అయితే ధిక్కారం కేసు కోర్టు గౌరవాన్ని కాపాడేందుకు. బిడ్డను నాన్న ఒళ్లోకి తెచ్చే పని ఈపీదే. హైకోర్టులు చాలాసార్లు "అమలు మార్గం ఉండగా ఇక్కడికెందుకు వచ్చారు" అని అడిగేది అందుకే. మాట ఇచ్చి, కోర్టుకు హామీ రాసిచ్చి, పదేపదే తప్పినవాళ్ల మీద వాడవలసిన ఆయుధం అది.

కస్టడీ మారే సందర్భం

కస్టడీ ఉత్తర్వులకు రాతిశాసనం హోదా లేదు. పరిస్థితులు మారితే వాటినీ మార్చవచ్చని, పరస్పర అంగీకారంతో విడిపోయినప్పుడు రాసుకున్న ఏర్పాటు కూడా ఇందుకు మినహాయింపు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌లోనే ఆ వెసులుబాటు ఉంది. బిడ్డను రెండోవాళ్లకు అదేపనిగా దూరం చేయడం కస్టడీ మార్పుకు ఒక కారణం కావచ్చు. 2017లో జస్టిస్ ఎ.కె. సిక్రీ రాసిన తీర్పులో, పసితనం నుంచీ తండ్రి దగ్గరే ఉన్న పాపను కోర్టు తల్లికి అప్పగించింది. ఒక్కరి దగ్గరే పెరిగిన బిడ్డ మనసు రెండోవాళ్ల మీద ఎలా విరుగుతుందో ఆ తీర్పు వివరంగా చర్చించింది.

ఆ చర్చ వచ్చాక ప్రతి పిటిషన్‌లోనూ "మనసు విరిచేశారు" అన్న ఆరోపణ మొదలైంది. 2024లో సుప్రీంకోర్టు దీనికి హద్దు గీసింది. ఏ పని వల్ల, ఎప్పుడు, ఎలా అన్నది చూపకుండా తల్లి మీదో తండ్రి మీదో ఆ ముద్ర వేయకూడదంది. బిడ్డను లాక్కోవాలన్న కోపంతో వేసిన పిటిషన్‌నూ, బిడ్డ కోసం వేసిన పిటిషన్‌నూ జడ్జి వేరు చేసి చూడాల్సిందే.

చూపకపోవడానికి న్యాయమైన కారణముంటే

అన్ని తాళాలూ కక్షతో వేసినవి కావు. తాగి వచ్చే తండ్రులున్నారు. కొట్టిన తల్లులూ ఉన్నారు. బిడ్డ ఒంటి మీద మచ్చలతో తిరిగొచ్చిన కేసులు నేను చూశాను. అలాంటి భయం ఉన్నవాళ్లు తలుపు మూసి ఊరుకోకూడదు. అదే వారంలో కోర్టుకు వెళ్లి ఉత్తర్వు మార్చమనో, నిలిపేయమనో, ఎవరో ఒకరి సమక్షంలోనే చూడాలని షరతు పెట్టమనో అడగాలి. 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద, హాని జరుగుతుందనుకుంటే మేజిస్ట్రేటు బిడ్డను చూసే అనుమతిని నిరాకరించాలి. ఉత్తర్వు తప్పనిపిస్తే దాన్ని మార్పించే హక్కు మీకుంది. మీకు మీరే రద్దు చేసుకునే హక్కు లేదు.

దూరం కూడా న్యాయమైన కారణమే. 2024 డిసెంబరులో తమిళనాడు కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. తండ్రి చూడాలని రెండేళ్ల పాపను వారం వారం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిప్పడం బిడ్డ ఆరోగ్యానికి మంచిది కాదని, పాప ఉండే ఊళ్లోనే చూడమని కోర్టు చోటు మార్చింది. తండ్రి హక్కు పోలేదు, పాప ప్రయాణం తప్పింది. సరైన ఉత్తర్వు అలా ఉండాలి.

ఇక "పిల్ల రానంటోంది" అన్న మాట. ఇది అబద్ధమే కానక్కర్లేదు. నాకు తెలిసిన పన్నెండేళ్ల పాప ఛాంబర్లో జడ్జిగారితో అంది: "నేను ఎవరింటికెళ్లినా ఇంకొకళ్లకి కోపం వస్తుందండీ. అందుకే ఎక్కడికీ వెళ్లనంటున్నాను." అది నిరాకరణ కాదు, అలసట. తెలివిగా ఇష్టాయిష్టాలు చెప్పగల వయసొస్తే బిడ్డ మాటను కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని గార్డియన్స్ చట్టం చెబుతోంది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వైద్యుల, నిపుణుల సాయం కోరవచ్చు. రానన్న బిడ్డను ఈడ్చుకుని రాకూడదు, రానందని కేసు మూసేయకూడదు. కోర్టు గదిలో పావుగంటతో మొదలుపెట్టి, పార్కులో గంట, ఇంట్లో ఒక పూట, అలా మెల్లగా పెంచుకుంటూ పోవాలి.

చేయకూడని మూడు పనులు

మొదటిది, భరణం ఆపడం. "బిడ్డను చూపనప్పుడు డబ్బెందుకు పంపాలి?" అని తండ్రులు అడుగుతారు. "డబ్బు పంపనివాడికి బిడ్డనెందుకు చూపాలి?" అని తల్లులు అడుగుతారు. చట్టం రెండిటినీ ముడిపెట్టలేదు. భరణం ఆపితే బకాయి పేరుకుని వారంటు దాకా పోతుంది. బిడ్డను ఆపితే ఈపీ వస్తుంది. బిడ్డ అన్నం ఒకరు, బిడ్డ ఆదివారం ఒకరు లాగేసుకుంటే నష్టపోయేది ఎవరు?

రెండోది, బడి దగ్గర నుంచో సందు మలుపులోనో బిడ్డను ఎత్తుకుపోవడం. ఎంత ఆవేశం ఉన్నా ఆ పని చేస్తే ఆ తర్వాత కోర్టు మీ ముఖం చూడటానికి కూడా ఆలోచిస్తుంది.

మూడోది, పోలీస్ స్టేషన్‌ను మొదటి మెట్టు చేసుకోవడం. కన్నవాళ్ల దగ్గర ఉన్న బిడ్డ విషయంలో కిడ్నాప్ కేసు సాధారణంగా నిలవదు. స్టేషన్లో "ఇది సివిల్ మ్యాటర్, కోర్టులో చూసుకోండి" అంటే అందులో నిజముంది. హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్ వేసే దారి ఉంది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది, కానీ బిడ్డను పట్టుకుని ఉండటం చట్టవిరుద్ధం అయినప్పుడే ఆ దారి. నెలకు రెండు ఆదివారాల కోసం ఆ రిట్ వేయడం దండగ. బిడ్డను మాయం చేశారన్న భయం ఉన్నప్పుడే అది పనికొస్తుంది.

సముద్రం దాటిన పిల్లలు

మన తెలుగు ఇళ్లల్లో ఇది చిన్న సంగతి కాదు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో కాపురం చెదిరి, ఒకరు బిడ్డతో హైదరాబాదు విమానం ఎక్కుతారు. రెండోవాళ్ల చేతిలో అమెరికా కోర్టు ఉత్తర్వు ఉంటుంది. పిల్లల అపహరణ మీద 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. కనుక ఆ ఉత్తర్వు ఇక్కడ తనంతట తాను అమలు కాదు. మన కోర్టులు దాన్ని గౌరవంగా పరిశీలిస్తాయి, కానీ ఆఖరి మాట బిడ్డ సంక్షేమానిదేనని 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. ఇలాంటి కుటుంబాలకు రెండు జాగ్రత్తలు చెబుతాను. బిడ్డను దేశం దాటిస్తారన్న అనుమానం రాగానే, అలా తీసుకెళ్లకుండా ఉత్తర్వూ, పాస్‌పోర్టు కోర్టులో జమ చేయాలన్న ఉత్తర్వూ అడగండి. రెండు దేశాల మధ్య రాజీ కుదిరితే ఇక్కడి ఉత్తర్వును అక్కడి కోర్టులోనూ అదే మాటలతో నమోదు చేయించండి. దానినే మిర్రర్ ఆర్డర్ అంటారు.

అదైనా పూర్తి రక్ష కాదు. ఒక కేసులో సుప్రీంకోర్టు 2020లో మిర్రర్ ఆర్డర్ షరతు మీద బిడ్డను కెన్యాలో ఉన్న తండ్రికి అప్పగించింది. తండ్రి ఆ కోర్టుకు ఇచ్చిన హామీలు నిలబెట్టుకోలేదు. 2022 నవంబరులో కోర్టు అతనికి ధిక్కారం కింద జైలు శిక్షా, ఇందాక చెప్పిన 2,000 రూపాయల హద్దును మించి 25 లక్షల రూపాయల జరిమానా విధించింది. ఎంత పెద్ద శిక్షైనా పడింది తండ్రికే. తల్లి చూడలేకపోయిన రోజులను అది వెనక్కి తేలేదు.

మారవలసినవి

గార్డియన్స్ చట్టం 45వ సెక్షన్ చూడండి. బిడ్డను కోర్టు ముందుకు తీసుకురమ్మంటే తీసుకురానివాళ్లకు జరిమానా 100 రూపాయలు. అయినా మొండికేస్తే రోజుకు 10 రూపాయలు, అన్నీ కలిపి 500 మించకూడదు. ఒప్పుకునేదాకా సివిల్ జైలూ ఉంది, అది వేరే సంగతి. 1890లో ఆ 100 రూపాయలకు బరువుండేది. ఈవేళ అది ఆటో చార్జీకి కూడా చాలకపోవచ్చు. లా కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీ గురించీ, పిల్లలను చూసే ఏర్పాట్ల గురించీ చట్టంలోనే మార్గదర్శకాలు ఉండాలంది. ఆ కాగితాన్ని తీసి చదవాల్సిన బాధ్యత మన శాసనకర్తల మీద ఉంది.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. జడ్జీలను చేతులెత్తి వేడుకుంటున్నాను: పిల్లల ఈపీని పొలం ఈపీల దొంతరలో పెట్టకండి. దానికి వేరే రోజు, వారాల్లో లెక్కపెట్టే వాయిదా ఇవ్వండి. న్యాయవాద మిత్రులకు చెబుతున్నాను: మన ఫీజు ఈపీకి వస్తుంది కాబట్టి ఈపీ కోసం ఎదురు చూడకూడదు. ఉత్తర్వు రాసే రోజే గంటలతో సహా రాయించండి. మొదటి ఉల్లంఘనకే నోటీసు ఇవ్వండి. డబ్బులేదని ఆగిపోతున్న అమ్మలకు చెబుతున్నాను: ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కి ఫోన్ చేయండి. ఆదాయం తక్కువున్న నాన్నలకూ ఆ గుమ్మం తెరిచే ఉంటుంది.

దుర్గాబాయి గారు కుటుంబాల కోసం వేరే కోర్టు కావాలన్నప్పుడు వేరే భవనం, వేరే బోర్డు మాత్రమే అడగలేదు. మనుషులను చూసే కళ్లు వేరుగా ఉండాలని అడిగారు. భవనాలు కట్టుకున్నాం. ఆ కళ్లు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

ఆ పట్టీల తండ్రి సంగతి ముగించి సెలవు తీసుకుంటాను. జడ్జిగారు ఈపీలో శిక్ష వేయలేదు. ప్రతి శనివారం కోర్టు గదిలో, కౌన్సిలరు పక్కనుండగా, గంటసేపు కలవమన్నారు. మొదటి శనివారం పాప తల్లి కొంగు వదలలేదు. రెండో శనివారం మాట్లాడకుండా కూర్చుని బొమ్మలు వేసుకుంది. మూడో శనివారం ఆయన తెల్లకాగితం ఒకటి నేల మీద పరిచి ఏమీ అనకుండా కూర్చున్నాడు. కాసేపయ్యాక పాప తనే వచ్చి ఆ కాగితం మీద పాదం పెట్టింది. చుట్టూ పెన్సిల్‌తో గీసుకున్నాడు. కొత్త పట్టీలు ఆ కొలతకే చేయించాడు.